తిరుపతి దావలో ముగ్గురమ్మలు

కూచోండి అందరూ. అబ్బీ, ఆ కందికట్టె రవ్వంత లోపలికి తొయ్యి, పొగంతా నా మొగానికే కొడతాంది. పాపా, చెనిక్కాయలు మాడిపోకుండా కదుపుతాండు. ఈ రాత్రికి రాజులూ లేరు, రాక్షసులూ లేరు. చదువుకోను నేను పోయిన దావ గురించి చెప్తా. ఆ దావ పొడుగునా మనకంటే శానా ముందు రాసుకున్న ఆడోళ్ళు ఉండారు. వాళ్ళ గురించి చెప్తా.

మీ తాతకు నన్నిచ్చినాక కడపదాన్నయితిని గానీ నేను పుట్టింది కర్నూలు జిల్లాలో, ఆళ్లగడ్డ పక్క పల్లెలో. ఆడపిల్లను చదివించాలని మా నాయనకు పట్టుదల. ఊరు ఊరంతా నవ్వె. ‘చదివి యేం జేస్తాది, కలెక్టరు అవుతాదా?’ అనిరి. ‘కలెక్టరు గాకపోతే పంతులమ్మ అవుతాది’ అని ఆయన తుండుగుడ్డ దులుపుకోని లేసిపోయె. నంద్యాలలో హైస్కూలు, కర్నూలులో కాలేజీ అయిపాయ. తెలుగు ఎమ్మే చదవాలంటే మాత్రం సీమవాళ్ళకు అప్పుడు తిరుపతే దిక్కు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం.

అది ఊరికే వచ్చిందనుకోవద్దండి. 1926లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పెట్టిరి. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు పోయె. కడపోనికి, కర్నూలోనికి వాల్తేరు యాడుంది? మద్రాసన్నా రైలెక్కితే తెల్లారేసరికి కనపడతాది. అందుకే మన కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కిందనే ఉండిపాయ. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ బంగళాలో కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూచోని ఒప్పందం రాసుకుండిరి గదా, దాంట్లో మొదటి మాటే యూనివర్సిటీ. వాల్తేరులో ఒక కేంద్రం ఉంటే, అనంతపురంలో ఇంకో కేంద్రం పెంచాలని. నీళ్ళ మాట, రాజధాని మాట దాని తర్వాతనే. నీళ్ళు లేని సీమోళ్ళు నీళ్ళకంటే ముందు చదువును రాయించిరంటే వాళ్ళ కడుపుమంట ఎంతుండాలో చూడండి.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయ్యె. గుడారాల్లో ఆఫీసులు నడిపిరి. మర్సటేడు, 1954లో, తిరుపతిలో యూనివర్సిటీ తెరిచిరి. 1956 వచ్చేసరికి రాజధాని హైదరాబాదుకు లేసిపాయ. యూనివర్సిటీ మాత్రం యాడికీ పోలేదు. ఆ మూడేండ్ల రాజ్యంలో మన సీమ ఆడపిల్లలకు ఏం దక్కిందని నన్నడిగితే, అదే దక్కిందంటా.

పొద్దున్నే మా ఊరి దగ్గర బస్సెక్కితే చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, కడప, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, కోడూరు, రేణిగుంట. పొద్దంతా దుమ్ము. ఒళ్ళో ట్రంకు పెట్టె, దాని మీద జొన్నరొట్టెల మూట. మొదటేడు నాకు ఆ ఊర్లన్నీ బస్సు నిలబడే తావులు, అంతే. క్లాసులో పాత కవయిత్రుల పాఠం జరిగినాక గానీ తెలీలేదు, నేను ఎవరెవరి ఇండ్ల ముందర నుంచి పోతాండానో.

మైదుకూరులో దిగి తూర్పుకు తిరిగితే బద్వేలు. దాని పక్కన గోపవరం. మొల్లమ్మ ఊరు. ఆతుకూరి మొల్ల. మా గోపవరమే అసలు గోపవరమని వేరే చోట్ల వాళ్ళు కూడా అంటారు, ఆ పోట్లాట అట్లుండనీ. వాళ్ళ నాయన కేసన, శివభక్తుడు. కుమ్మరోళ్ళ ఇంటి బిడ్డ అని లోకంలో వాడుక. రామాయణమంతా తేట తెలుగులో పద్యాలు కట్టింది. పుస్తకం మొదట్లో ఆయమ్మ ఏమంటాదో తెలుసునా? నేను పెద్ద చదువులు చదవలేదు, వ్యాకరణమూ శాస్త్రాలూ నాకు రావు, శ్రీకంఠ మల్లేశుని దయ వల్ల కవిత్వం వచ్చె అంటాది. ఆ మాట చదివి మా క్లాసులో మగపిల్లోళ్ళు ‘పాపం, ఒప్పుకునింది’ అని నవ్విరి. నాకు మాత్రం అది ఒప్పుకోలు మాదిరి అనిపీలేదు. అడుగుతారని ముందే తెలిసిన మనిషి ముందే చెప్పిన జవాబు అది. ఎవరి దగ్గర చదివితివి, నీకు సర్టిఫికెట్టు ఎవరిచ్చిరి అని అడిగేవాళ్ళు ఆ కాలంలోనూ ఉండిండాలి గదా. ఆ పద్యాలు చదివితే తెలుస్తాది, ఆయమ్మకు ఏమి వచ్చో.

ఆయమ్మ మీద సినిమా కూడా వచ్చింది, ‘కథానాయిక మొల్ల’ అని, 1970లో. వాణిశ్రీ మొల్లగా వేసె. తీసింది ఎవరనుకుంటిరి? మన పద్మనాభం. నవ్వించే పద్మనాభమే. ఆయనది పులివెందుల తట్టు సింహాద్రిపురం. కడప జిల్లా కవయిత్రి కత కడప జిల్లా మనిషే తీసె. కడపలో ఆ సినిమాకు ఆడోళ్ళు బండ్లు కట్టుకోని పోయిరి. మొల్ల ఎవరో తెలియని అవ్వలకు కూడా ఆ రోజుతో తెలిసిపాయ. యూనివర్సిటీ చెయ్యలేని పని సినిమా చేసె.

కడప పక్కన పెన్నేటి ఒడ్డున పుష్పగిరి. ఆడ మఠం ఉండాది. దాని పేరు చెప్తే నాకు తరిగొండ వెంగమాంబ మతికొస్తాది. తరిగొండ గుర్రంకొండ పక్కన. చిత్తూరు జిల్లా అనుకుంటారు గానీ, 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోవే. వెంగమ్మకు చిన్నప్పుడే పెండ్లి, చిన్నప్పుడే మొగుడు పోయె. తల గొరిగించుకోమంటే ససేమిరా అనింది. పసుపు కుంకుమ తియ్యనంది. నా మొగుడు ఏడుకొండలవాడు, ఆయన బాగానే ఉండాడు అనింది. ఊరోళ్ళు పుష్పగిరి స్వామికి చాడీ చెప్పిరంట. స్వామి పిలిపించి, నాకు మొక్కు అన్నాడంట. ‘పీఠం దిగు స్వామీ, నీ పీఠానికి మొక్కుతా’ అనిందంట. ఆయన దిగె, ఆయమ్మ మొక్కె, పీఠం భగ్గున మండిపోయిందంట. జరిగిందా లేదా అని నన్ను అడగొద్దు. ఈ కత మన ఆడోళ్ళు ఇన్నేండ్లు ఎందుకు దాచుకోని చెప్పుకుండారో అది ఆలోచించండి.

ఆ వెంగమ్మ తిరుమల చేరి, ఆడనే ఉండి పుస్తకాలు రాసింది. వేంకటాచల మాహాత్మ్యం, విష్ణుపారిజాతం, వాసిష్ఠ రామాయణం, ఇంకా ఎన్నో. యక్షగానాలు, ద్విపదలు, శతకాలు. 1817లో కాలం చేసింది. ఇప్పుడు కొండ మీద వేలమంది కూచోని అన్నం తినే పెద్ద భవనానికి ఆయమ్మ పేరే. తిని చెయ్యి కడుక్కోని వచ్చేవాళ్ళలో ఎంతమందికి ఆయమ్మ కవి అని తెలుసో.

ఇంగ మూడో ఆయమ్మ. రాజంపేట పక్కన తాళ్ళపాక. అన్నమయ్య ఊరు అంటే అందరికీ తెలుసు. అన్నమయ్య పెండ్లాం తిమ్మక్క, సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో పేరు దొరికిన మొదటి కవయిత్రి ఆయమ్మే అంటారు పండితులు. ద్విపదలో మంజరి, పాడుకోను తగినట్ల ఉండే రాత. మొగునివి వేల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో అరలో పెట్టిరి. ఆయమ్మది ఈ ఒక్క పుస్తకం మిగిలింది. ఇంకేమైనా రాసినాదో, రాసి పొయ్యిలో వేసినాదో, ఎవరు చెప్తారు?

చూడండి, కర్నూలు నుంచి తిరుపతి యూనివర్సిటీకి పోయే ఆడపిల్ల ఎవరైనా సరే ఈ ముగ్గురి వాకిండ్ల మీదుగానే పోవాల. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ యూనివర్సిటీ మెట్టు ఎక్కినోళ్ళు కాదు. రాయడానికి యూనివర్సిటీ అక్కరలేదని వాళ్ళు ముందే రుజువు చేసి పెట్టిరి.

‘మరి నువ్వెందుకు పోతివి జేజీ?’ అంటావా? మంచి ప్రశ్నే.

తాళ్ళపాక రాగిరేకులు బయటపడినాక వాటిని చదివి, సరిచూసి, అచ్చు వేసే పని ఎవరు చేసిరి? తిరుపతిలో 1939లో దేవస్థానం వాళ్ళు ప్రాచ్య పరిశోధనాలయం పెట్టిరి. వేటూరి ప్రభాకరశాస్త్రి మాదిరి పండితులు ఆడ కూచోని తాళ్ళపాక సాహిత్యం మీద పని చేసిరి. యూనివర్సిటీ వచ్చినాక ఆ పరిశోధనాలయం దాంట్లో కలిసె. తాటాకు అయినా రాగిరేకైనా, దాన్ని చదవను వచ్చినోడు, జీతం తీసుకోని పొద్దంతా దాని మీదనే కూచునేవాడు ఒకడు ఉండాల. లేకుంటే చెదలకు పోతాది. రాసేది మనిషి. నిలబెట్టేది ఒక ఇల్లు. ఆ ఇల్లే యూనివర్సిటీ. నాకు ఇది అర్థం కావడానికి రెండేండ్లు పట్టె.

అదొకటి. ఇంకోటి, హాస్టలు. ఆడపిల్లకు రాత్రిపూట దీపం వేసుకోని తన కోసం తాను చదువుకోను ఒక గది. మా ఇంట్లో పదిమంది. దీపం ఒకటి. నేను పుస్తకం తీస్తే, ఆ చాట ఇట్లియ్యి అని ఒకరు, బిడ్డను ఎత్తుకో అని ఒకరు. హాస్టలులో ఎవరూ పిలవరు. మొదటి వారమంతా ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టలేదు. తర్వాత అది లేకుంటే బతకలేనని తెలిసె.

ఇంగ్లీషు దేశంలో వర్జీనియా ఉల్ఫ్ అని ఒకామె, 1928లో కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చి, మర్సటేడు వాటినే పుస్తకం చేసె. ఆడది రాయాలంటే తనదంటూ ఒక గది, చేతిలో రవ్వంత డబ్బు ఉండాలనేది ఆమె వాదం. ఆ పుస్తకంలో ఒక ఆడమనిషి యూనివర్సిటీలో గడ్డి మీద నడిస్తే కాపలావాడు తరుముతాడు. లైబ్రరీ వాకిట్లోకి పోతే, కాలేజీ పెద్దమనిషి ఎవరైనా వెంట రావాల, లేకుంటే చీటీ తేవాల అంటారు. అది చదివి నాకు నవ్వొచ్చె. తిరుపతి లైబ్రరీలో నన్ను ఎవరూ ఆపలేదు, కార్డు చూపిస్తే పుస్తకం ఇచ్చిరి. అంత పేరున్న కేంబ్రిడ్జి ఆడోళ్ళకు సరైన డిగ్రీ ఇచ్చింది 1948లో. మన కలకత్తా యూనివర్సిటీ 1883లోనే కాదంబినికి, చంద్రముఖి బసుకు బీయే ఇచ్చింది. దొరలకంటే మనమే వెనకబడిపోయినామని ఎవరన్నా అంటే ఈ లెక్క చెప్పండి. అయినా ఎగరాల్సిన పని లేదు. కలకత్తాలో ఇద్దరికి డిగ్రీ ఇచ్చిన ఏడు మా ఊర్లో ఆడపిల్లకు అక్షరం లేదు.

లైబ్రరీ అంటే ఒక మాట గుర్తొచ్చె. 1960ల్లో మా తిరుపతి యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసినవాళ్ళలో నిడదవోలు మాలతి ఒకరు. పత్రికల్లో ఆ పేరుతో కథలు వస్తాంటే హాస్టలులో చేతులు మార్చుకోని చదువుతాంటిమి. 1973లో ఆమె అమెరికా పోయె. ఆడ కూచోని 2001లో ‘తూలిక’ అని కంప్యూటరు పత్రిక పెట్టి, మన తెలుగు కథలను ఇంగ్లీషులోకి తిప్పుతా వచ్చె. అట్లనే ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ లైబ్రరీలో అబ్బూరి ఛాయాదేవి. ‘బోన్సాయ్ బ్రతుకు’ కథ రాసినామె. ‘తన మార్గం’ కథలకు 2005లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చె. ఇద్దరూ పొద్దంతా ఊరోళ్ళ పుస్తకాలు సర్ది, ఇంటికి పోయి తమ పుస్తకాలు రాసుకుండిరి.

పాఠాలు చెప్పే కుర్చీలోనూ ఆడోళ్ళు కూచునిరి. హైదరాబాదులో ఉస్మానియాలో నాయని కృష్ణకుమారి. జానపద గేయగాథల మీద పరిశోధన చేసి, తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలయ్యె. అదే ఉస్మానియాలో పి. యశోదారెడ్డి. పాలమూరు ఆడోళ్ళు ఎట్ల మాట్లాడతారో అట్లనే ‘మావూరి ముచ్చట్లు’ రాసె. ప్రొఫెసరమ్మ అయ్యుండి పల్లె మాటలో రాయడమా అని ముక్కు మీద వేలేసుకున్నోళ్ళు ఉండారు. నాకు మాత్రం ధైర్యం వచ్చె. పరీక్ష పేపర్లో ‘దారి’ అని రాసినా, కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు ‘దావ’ అని నోరారా అంటాంటిని.

ఇప్పుడు మన ఊరి సంగతి. ప్రొద్దుటూరు. పుట్టపర్తి నారాయణాచార్యుల పేరు మీరు వినే ఉంటారు. శివతాండవం రాసినాయన. చిన్న వయసులో ‘పెనుగొండ లక్ష్మి’ రాసె. తర్వాత విద్వాన్ పరీక్షకు కూచుంటే ఆ పుస్తకమే పాఠ్యపుస్తకం. తన పుస్తకం మీద తనే పరీక్ష రాసి తప్పినాడని సీమంతా నవ్వుతా చెప్పుకుంటారు. రెండు మార్కుల ప్రశ్నకు పేజీలు పేజీలు రాసుకుంటా పోయినాడంట, టైము అయిపాయ. ఆయనకు ఎన్నో బిరుదులు, సన్మానాలు.

మరి ఆ ఇంట్లో కనకమ్మ అని ఒకామె ఉండె. ఆయన భార్య. సంస్కృతం చదువుకున్నామె, పద్యం రాసినామె, గృహలక్ష్మి స్వర్ణకంకణం తొడిగించుకున్నామె. ఏమ్మే, మీ తెలుగు ఎమ్మేలో ఎప్పుడైనా ఆ పేరు వింటివా? వినలేదా? నాకు తెలుసు. నాయన పేరు నిలబడడానికి వంద చేతులు లేస్తాయి. అమ్మ పేరు నిలబెట్టాలంటే ఇంట్లో ఆడబిడ్డే లేయాల.

ఆడోళ్ళ రాతను ముందు ఏరి పెట్టింది యూనివర్సిటీలు కాదు, అది కూడా మీకు తెలియాల. 1901లోనే బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వేసె. ఆయమ్మ ఏ బడికీ పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటాంటే పక్కన కూచోని నేర్చుకునె. తమ్ముడు ఎమ్మే అయ్యె, అక్క పుస్తకం రాసె. తర్వాత ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ ‘ఆంధ్ర కవయిత్రులు’ అని ఎక్కడెక్కడి ఆడకవుల పేర్లూ పట్టుకొచ్చి ఒక చోట చేర్చె. ఇంట్లో పని చేసుకుంటా, సభలకు తిరుగుతా చేసిన పని అది. నేను తిరుపతిలో తిమ్మక్క మీద వ్యాసం రాసేటప్పుడు మాకు దిక్కు ఆ పుస్తకమే.

శానా ఏండ్లకు హైదరాబాదులో సూసీ తారు, కె. లలిత ఇద్దరూ కలిసి దేశంలో అన్ని భాషల ఆడోళ్ళ రాతలూ ఏరి, ఇంగ్లీషులో రెండు పెద్ద పుస్తకాలు చేసిరి. మొదటిది 1991లో వచ్చె. వేసింది ఎవరనుకుంటిరి? న్యూయార్కు నగర విశ్వవిద్యాలయంలో ఉండే ఫెమినిస్ట్ ప్రెస్సు. మన మొల్ల దాంట్లో ఉండాది. బద్వేలు పక్క ఊరి పిల్ల ఐదారు నూర్ల ఏండ్ల తర్వాత న్యూయార్కులో అచ్చయ్యె. వరంగల్లులో కాకతీయ యూనివర్సిటీలో కాత్యాయనీ విద్మహే అని ఒకామె జీవితమంతా ఈ పని మీదనే పెట్టె. ‘సాహిత్యాకాశంలో సగం’ అని ఆమె పుస్తకానికి 2013లో సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చిరి.

మీకు ఇంకో వింత చెప్తా. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మాత్రం మొదటి నుంచి కొస వరకు నోటికి వచ్చు. రోట్లో కారం దంచేటప్పుడు, మాపటేల మిద్దె మీద ఒడియాలు ఎత్తేటప్పుడు పాడుతాండె. మేము దాన్ని సాహిత్యం అనుకోలేదు, అమ్మ గొంతు అనుకుంటిమి. నేను రిటైరయ్యే రోజుల్లో తెలిసె, అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే వెల్చేరు నారాయణరావు ఈ ఆడోళ్ళ రామాయణ పాటల మీద పెద్ద వ్యాసం రాసినారని, అది 1991లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ పుస్తకంలో అచ్చయ్యిందని. మొగోళ్ళ రామాయణంలో యుద్ధం పెద్దది. ఆడోళ్ళ పాటల్లో కాన్పులు, అలకలు, అత్తగార్లు, పద్నాలుగేండ్లు నిద్రపోయిన ఊర్మిళ పెద్దవి. మా అమ్మ ఉండుంటే చదివి వినిపిస్తాంటి. ‘అదేమన్నా కొత్త సంగతా, మాకందరికీ తెలిసిందే గదా’ అని ఉండు.

ఆ పాటలు కట్టినోళ్ళ పేర్లు మాత్రం ఏ యూనివర్సిటీలోనూ లేవు. మొల్ల పేరు చెప్పుకునింది కాబట్టి మిగిలె. పాడినోళ్ళు చెప్పుకోలేదు.

కడపకు వద్దాం. ఇప్పుడు యెర్రముక్కపల్లెలో బ్రౌను లైబ్రరీ ఉండాదే, ఆ తావన బ్రౌను దొర బంగళా ఉండె. 1820లో ఆయన కడపకు ఉద్యోగానికి వచ్చె. తన జీతంలోంచి పండితులకు జీతాలిచ్చి, తాటాకులు తెప్పించి, నకళ్ళు రాయించె. దాన్నే బ్రౌను కాలేజీ అంటాండ్రి జనం. నన్నడిగితే కడపకు మొదటి యూనివర్సిటీ అదే. మనకు పేర్లు తెలిసిన ఆ పండితులంతా మగోళ్ళే. రెండు నూర్ల ఏండ్ల కిందట ఆ వసారాలో ఒక ఆడమనిషి కూచోని ఉంటే ఇంకా ఏమేమి దొరికి ఉండునో అని నాకు ఎప్పుడూ అనిపిస్తాది.

ఆ తర్వాత ఆడోళ్ళు కూచునే రోజులు వచ్చె. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తిరుపతిలో ఆడోళ్ళ కోసమే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టె. కొలకలూరి మధుజ్యోతి మాదిరి రాసేవాళ్ళు ఆడ తెలుగు ప్రొఫెసర్లయిరి. ఆమె నాయన ఇనాక్ గారు తిరుపతి యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరుగా చేసె. చదువు ముట్టుకోనియ్యని కులంలో పుట్టిన ఇంట్లో రెండు తరాలు యూనివర్సిటీ కుర్చీల్లో కూచునె. అనంతపురానికి 1981లో కృష్ణదేవరాయ వచ్చె, శ్రీబాగ్ మాట నలభై నాలుగేండ్లకు తీరె. కడపలో తిరుపతి వాళ్ళ పీజీ సెంటరే 2006లో యోగి వేమన యూనివర్సిటీ అయ్యె. కర్నూలులో 2008లో రాయలసీమ యూనివర్సిటీ వచ్చె. ఇప్పుడు మీ ఈడు పిల్లలు పొద్దున సద్ది కట్టుకోని పోయి మాపటికి ఇంటికొచ్చి ఎమ్మే చదువుతాండారు.

మీ యోగి వేమనలో తెలుగు చెప్పే ఎం.ఎం. వినోదిని రాసిన ‘దాహం’ నాటకం చదివినావా? చదువు. కులం తక్కువని బాయి దగ్గర నీళ్ళు ముట్టనియ్యని ఊరు అది. దప్పిక ఎవరికి లేదు మన సీమలో? బాయి దగ్గర బిందె పెట్టుకోని గంటలు గంటలు నిలబడిన ఆడదానికి, ఆ బాయి దగ్గరికే రావద్దని తరిమిన ఆడదానికి తేడా ఏమిటో ఆ నాటకం చదివితే కళ్ళు తెరుచుకుంటాయి. ‘బ్లాక్ ఇంక్’ అని ఆమె కథల పుస్తకం కూడా ఉండాది. ఆమె పుట్టింది గుంటూరు తట్టు. ఉద్యోగం కడపలో. మేము చదివేటప్పుడు ఇట్లాంటి రచన సిలబస్సులో ఉండే మాట దేవుడెరుగు, ఇట్లాంటి మనిషి ఆ గదిలో నిలబడి పాఠం చెప్తుందని కూడా మేము అనుకోలేదు. అదే అసలు తేడా. క్లాసు ముందర ఎవరు నిలబడతారో దాన్ని బట్టి లోపల ఏ పుస్తకం తెరుచుకుంటుందో ఉంటాది.

అన్నీ అయిపోయినాయని చెప్పను. మన కడపలో, కర్నూలులో ఉర్దూ మాట్లాడే ఇండ్లు ఎన్ని ఉండాయి? ఆ ఇండ్లలో ఆడోళ్ళు పెండ్లి పాటలు పాడతారు, గజల్ రాసుకునేవాళ్ళు ఉండారు. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కాలేజీ పెట్టె. ఇప్పుడు ఆయన పేరుతోనే ఉర్దూ యూనివర్సిటీ ఉండాది. ఆ పాటలను ఆడనుంచి ఎవరన్నా తెలుగులోకి తెస్తే చదవాలని నాకు కోరిక. మన ఆడోళ్ళు రెండు గోడల అవతల, ఇవతల పాడుకుంటా ఉండాము, ఒకరిది ఒకరికి వినపడకుండా.

పేర్ల మాటకొస్తే, కేతు విశ్వనాథరెడ్డి కడప ఊర్ల పేర్ల మీద తిరుపతిలో పీహెచ్‌డీ చేసె. ఊర్ల పేర్ల మీద డాక్టరేటా అని మా బంధువులు నవ్విరి. అది అచ్చయినాక వాళ్ళే తమ ఊరి పేరు దాంట్లో యాడుందో వెతుక్కుండిరి. ఊరి పేరుకు అంత మర్యాద వచ్చింది గదా, ఆ ఊరిలో పాడిన అవ్వ పేరుకు ఎందుకు రాకూడదు?

ఏమ్మే, నువ్వు నిన్న అంటివి గదా, నేను కవిత్వం రాసుకుంటా ఉంటా జేజీ, నాకు ఈ ఉద్యోగం పరీక్షలు వద్దు అని. కవిత్వం రాసుకో, ఎవరు వద్దన్నారు? మొల్ల ఇంట్లోనే రాసె, వెంగమ్మ కొండ మీద రాసె, తిమ్మక్క అన్నమయ్య పక్కన కూచోని రాసె. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నేను ముప్పై ఏండ్లు కాలేజీలో పాఠం చెప్పి తెలుసుకునింది ఒకటే. పద్యం యాడైనా పుడతాది. మర్సటేడు ఎమ్మే పిల్లలు ఏ పద్యం చదవాలో రాసే కాగితం మాత్రం యూనివర్సిటీలో ఒక గదిలో, ఒక బల్ల చుట్టూ కూచున్న ఏడెనిమిది మంది చేతుల్లో పుడతాది. ఆ బల్ల దగ్గర నేను ఎన్నోసార్లు కూచుంటి. తిమ్మక్కను తీసేసి ఇంకొకాయన్ను పెడదామని అన్న రోజు, కాదని చెయ్యి లేపింది నేనొక్కదాన్నే. ఇంకో చెయ్యి లేచుంటే తిమ్మక్క ఆ ఏడు ఉండు.

అందుకే చెప్తాండా. కవిత రేపు రాసుకోవచ్చు. నెట్ పరీక్ష డిసెంబర్లో ఉండాదని మీ నాయన చెప్పె. చెనిక్కాయలు తిని పోయి పుస్తకం తియ్యి.